వై = ఎమ్ఎక్స్ + సి లోకి సమీకరణాన్ని మార్చేది ఎట్లా? మొదట్నుంచి చివరిదాకా

మన నెల్లూరు, ఒంగోలు వైపు తొమ్మిది, పది, ఇంటర్ పిల్లల్ని ఎవర్నైనా కదిలించి చూడండి, 3ఎక్స్ + 4వై = 24 ఇచ్చి దీన్ని స్లోప్ ఇంటర్‌సెప్ట్ ఫారంలో రాయమంటే సగం మంది ఫార్ములా ఏంది అని అడుగుతారు. తెలుగు మీడియం పుస్తకంలో వాలు-అంతరఖండ రూపం అని ఉంటది. పేరు చూసి భయపడతారు గానీ దీనికి ఫార్ములా అక్కర్లేదు. వై ని ఒక్కదాన్నే ఈక్వల్‌కి ఎడమపక్కన నిలబెట్టి మిగతా సరుకంతా కుడిపక్కకి తోలేయడమే మొత్తం పని. కావలిలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలకి చెప్పే వరసలోనే ఇక్కడ కూడా రాస్తా ఉన్నా, పక్కన రఫ్ బుక్కూ పెన్నూ పెట్టుకుని నాతో పాటు చేసుకుంటా రండి, ఊరికే చదువుకుంటా పోతే అర్థమైనట్టే ఉంటది గానీ చేతికి రాదు.

మనం చేరాల్సిన చోటు ఇది:

వై = ఎమ్ఎక్స్ + సి

ఎమ్ అంటే స్లోప్, తెలుగులో వాలు, అంటే ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత పెరిగిద్దో లేదా ఎంత తగ్గిద్దో చెప్పే నంబరు. సి అంటే వై అంతరఖండం, గీత వై అక్షాన్ని ఎక్కడ కోసిద్దో ఆ నంబరు, ఇంకోరకంగా చెప్పాలంటే ఎక్స్ సున్నా అయినప్పుడు వై ఎంతో అది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసే వాళ్లకి సి బదులు బి కనపడిద్ది, వై = ఎమ్ఎక్స్ + బి అని, రెండూ ఒకటే, కంగారు పడొద్దు, మన పరీక్షల్లో మాత్రం సి రాయండి.

ఇప్పుడు మొదటి లెక్క, నిదానంగా చేద్దాం.

3ఎక్స్ + 4వై = 24

ఫస్ట్ స్టెప్, వై ఉన్న పదం ఎక్కడుందో వెతికి దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి, ముందున్న ప్లస్సో మైనస్సో దాంతో సహా చుట్టాలి, గుర్తుని బయట వదిలేయకూడదు. ఇక్కడ చుట్టాల్సింది + 4వై. ఇది చిన్నపిల్లల పనిలా ఉందని చాలామంది మానేస్తారు, ఇంటర్‌కి వచ్చినాక మైనస్‌లు మింగేసేది కూడా వాళ్లే.

సెకండ్ స్టెప్, సున్నా చుట్టిన దాని పక్కన అదే వైపు ఇంకేముందో చూడండి. 3ఎక్స్ ఉంది. దాన్ని అక్కడ లేకుండా చేయాలంటే రెండు పక్కలా 3ఎక్స్ తీసేయాలి. పాతకాలం తక్కెడ గుర్తుందా, ఒక పళ్లెంలోంచి కేజీ తీస్తే రెండో పళ్లెంలోంచీ కేజీ తీస్తేనే ముల్లు మధ్యలో నిలబడిద్ది, ఇక్కడా అంతే.

4వై = 24 − 3ఎక్స్

ఇక్కడే ఎక్స్ పదాన్ని ముందుకి తెచ్చి రాసేసుకోండి, 4వై = −3ఎక్స్ + 24 అని. విలువ ఏం మారదు, కానీ చివర్లో ఎమ్ ఏదో సి ఏదో చూడగానే తెలిసిపోయిద్ది. ఈ సర్దుడు చేయని పిల్లలు వై = 6 − (3/4)ఎక్స్ దాకా కరెక్ట్‌గా వచ్చి, తర్వాత స్లోప్ ఎంత అంటే ముందుంది కదా అని 6 రాసొస్తారు. లెక్కంతా రైటే, ఆన్సరు తప్పు, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటది.

థర్డ్ స్టెప్, వై పక్కనున్న 4 తో అన్నిటినీ భాగించాలి. అన్నిటినీ అంటే నిజంగానే అన్నిటినీ, −3ఎక్స్‌ని కూడా, 24 ని కూడా.

వై = −(3/4)ఎక్స్ + 6

అయిపోయింది. స్లోప్ −3/4, వై అంతరఖండం 6.

నాలుగో స్టెప్ పుస్తకంలో ఉండదు గానీ నేను మాత్రం తప్పకుండా చేయిస్తా. ఎక్స్‌కి మీకు నచ్చిన ఒక నంబరు పెట్టి, మొదట ఇచ్చిన సమీకరణంలో ఒకసారి, మీరు తెచ్చిన దాంట్లో ఒకసారి వేసి చూడండి. ఎక్స్ = 4 అనుకుందాం. మొదటి దాంట్లో 12 + 4వై = 24 కాబట్టి వై = 3. రెండో దాంట్లో −3 + 6, ఇదీ 3. కలిసింది. అర నిమిషం కూడా పట్టదు, పైగా మీరు చేసింది రైటా తప్పా అని ఇంకొకళ్లని అడగాల్సిన పని లేదు, పరీక్ష హాల్లో ఆ ధైర్యం చాలా పెద్దది. ఎక్స్‌కి సున్నా ఒక్కటే పెట్టి సరిపెట్టుకోకండి, సున్నా పెడితే స్లోప్‌లో తప్పున్నా బయటపడదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయం. మన దగ్గర చిన్న క్లాసుల్నుంచే "అటు పోతే గుర్తు మారిద్ది" అని నేర్పిస్తారు. ప్లస్ పోయి మైనస్ అయిద్ది, మైనస్ పోయి ప్లస్ అయిద్ది. కూడికలు తీసివేతల వరకు పని జరిగిపోయిద్ది, కాదనను. కానీ అది ఎందుకు మారిద్దో తెలియకుండా బట్టీ పట్టిన పిల్లోడు 4వై = −3ఎక్స్ + 24 దగ్గరికి రాగానే ఆ 4 ని కూడా అటు పంపించి −4 చేసేస్తాడు. వై = (−3ఎక్స్ + 24)/−4 అని రాస్తాడు. వాడిని తిట్టి లాభం లేదు, వాడికి చెప్పిన రూలునే వాడు నమ్మకంగా పాటించాడు. 4 అనేది వై తో గుణకారంలో ఉంది, గుణకారాన్ని విడగొట్టేది భాగహారం, అందులో గుర్తు మారే ప్రసక్తే లేదు. కాబట్టి కొన్నాళ్లు "అటు పోయింది" అనే మాటే వాడకండి, "రెండు పక్కలా 3ఎక్స్ తీసేశా", "రెండు పక్కలా 4 తో భాగించా" అని పక్కన చిన్నగా రాసుకోండి. తల్లిదండ్రులు ఎవరైనా చదువుతా ఉంటే, పిల్లలకి లెక్కలు రాకపోయినా పర్లేదు మీకు రాకపోయినా పర్లేదు, ప్రతి లైను దగ్గర "రెండు పక్కలా ఏం చేశావు?" అని అడగండి చాలు, తప్పు ఎక్కడుందో వాళ్లకే దొరికిద్ది.

రెండో పెద్ద తప్పు, భాగించేటప్పుడు ఒక్కదాన్నే భాగించడం. వై = −(3/4)ఎక్స్ + 24 అనో, వై = −3ఎక్స్ + 6 అనో వచ్చిద్ది. దీనికి మందు ఒకటే, భాగించే లైనులో ప్రతి పదం కింద విడివిడిగా గీత గీసి 4 రాయండి, మొత్తం మూడు చోట్ల 4 కనపడాలి, రెండే ఉంటే ఒకటి మర్చిపోయినట్టే.

వై ముందు మైనస్ ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 5ఎక్స్ − 2వై = 10 తీసుకుందాం. సున్నా చుట్టాల్సింది −2వై. రెండు పక్కలా 5ఎక్స్ తీసేస్తే −2వై = −5ఎక్స్ + 10. ఇప్పుడు భాగించాల్సింది 2 తో కాదు, −2 తో. మైనస్ బై మైనస్ ప్లస్, ప్లస్ బై మైనస్ మైనస్.

వై = (5/2)ఎక్స్ − 5

ఎక్స్ = 4 పెట్టి చూడండి, పైదాంట్లో 20 − 2వై = 10, వై = 5. కిందదాంట్లో 10 − 5, అదే 5. మైనస్‌తో భాగిస్తే కుడిపక్కన అన్ని గుర్తులూ తిరగబడాలి, ఒక్కటే తిరగబడి ఇంకోటి అట్లాగే ఉందంటే అక్కడ ఆగి మళ్లీ చూసుకోవాలి.

సరే, ఇంత కష్టపడి ఈ రూపంలోకి ఎందుకు మార్చాలి? నన్నడిగితే అసలు సంగతి ఇదే. ఆదివారం పూట చుట్టాలొచ్చారనుకోండి, చేతిలో 1200 రూపాయలున్నయ్, రొయ్యలు కేజీ 300, పులుసులోకి చేప కేజీ 200 అనుకుందాం, రేట్లు లెక్క కోసం పెట్టినవే, మార్కెట్‌కి పోతే వేరే ఉంటయ్. రొయ్యలు ఎక్స్ కేజీలు, చేప వై కేజీలు, డబ్బులన్నీ ఖర్చుపెట్టేస్తున్నాం. సమీకరణం ఇట్లా ఉంటది:

300ఎక్స్ + 200వై = 1200

ముందు అన్నిటినీ 100 తో కొట్టేయండి, 3ఎక్స్ + 2వై = 12. పెద్ద నంబర్లు కనపడగానే మొదట ఈ పని చేసుకుంటే తర్వాత తప్పులు తగ్గుతయ్. తర్వాత 2వై = −3ఎక్స్ + 12, చివరికి

వై = −(3/2)ఎక్స్ + 6

ఇప్పుడు దీన్ని చదవండి. 6 అంటే రొయ్యలు అసలు కొనకపోతే ఆరు కేజీల చేప వచ్చిద్ది. −3/2 అంటే రొయ్యలు ఒక కేజీ ఎక్కువ తీసుకున్నప్పుడల్లా చేప కేజీన్నర తగ్గిద్ది. ఎందుకు కేజీన్నర? ఒక కేజీ రొయ్యల డబ్బుతో, అంటే 300 తో, చేప కేజీన్నర వచ్చిద్ది కాబట్టి. మొదటి రూపంలో 300ఎక్స్ + 200వై = 1200 అని ఉన్నప్పుడు జేబులో ఎంతుందో, ఏది ఎంత రేటో తెలిసింది అంతే, ఇప్పుడు ఒకటి పెంచితే ఇంకోటి ఎంత వదులుకోవాలో కూడా తెలిసింది. ఆ మైనస్ గుర్తు ఊరికే వచ్చింది కాదు, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గిద్ది అని చెప్తా ఉంది. ఇంకో సంగతి కూడా చూడండి, ఎక్స్ 4 దాటితే వై మైనస్‌లోకి పోయిద్ది, మైనస్ చేపలు ఎవరూ అమ్మరు కాబట్టి ఈ లెక్కలో ఎక్స్ 0 నుంచి 4 మధ్యే ఉండాలి. కాగితం మీద గీత ఎంత దూరమైనా పోయిద్ది గానీ లెక్క అక్కడితో ఆగిపోయిద్ది.

సి కనపడకపోతే సున్నా అని అర్థం. మన నెల్లూరు లెక్కలో వడ్లు పుట్టి అంటే 850 కేజీలు, ఎక్స్ పుట్లకి వై కేజీలు అనుకుంటే వై = 850ఎక్స్, పక్కన ఇంకేం లేదు, సున్నా పుట్లకి సున్నా కేజీలు, గీత మూలబిందువు గుండా పోయిద్ది.

ఎండల లెక్క కూడా ఇదే రకం. సెల్సియస్‌ని ఎక్స్ అని, ఫారెన్‌హీట్‌ని వై అని అనుకుంటే రెండిటి మధ్య సంబంధం 5వై − 9ఎక్స్ = 160. ఇట్లా చూస్తే ఏం తెలియదు. రెండు పక్కలా 9ఎక్స్ కలిపి 5 తో భాగించండి:

వై = (9/5)ఎక్స్ + 32

32 అంటే నీళ్లు గడ్డకట్టే చోటు, సెల్సియస్‌లో అది సున్నా. 9/5 అంటే సెల్సియస్ ఒక డిగ్రీ పెరిగితే ఫారెన్‌హీట్ 1.8 పెరిగిద్ది. రోహిణి కార్తెలో ఒంగోల్లో 45 డిగ్రీలు ఉంటే ఎంతో వెయ్యండి, 81 + 32, మొత్తం 113. ఒంటి వేడి 37 పెట్టండి, 66.6 + 32, మనం ఎప్పుడూ వినే 98.6 వచ్చేసింది.

ఇప్పుడు కాస్త వంకరగా ఇచ్చే లెక్కలు. పేపర్ సెట్ చేసేవాళ్లు వై ని ఎప్పుడూ చక్కగా ఎడమపక్కనే పెట్టరు. 12 = 4ఎక్స్ − 2వై అని ఇస్తే భయం వద్దు, వై ఉన్న పక్కనే పని చేయండి, రెండు పక్కలా 4ఎక్స్ తీసేస్తే 12 − 4ఎక్స్ = −2వై, −2 తో భాగిస్తే −6 + 2ఎక్స్ = వై, ఇప్పుడు అటుదిటు ఇటుదటు తిప్పి రాసుకుంటే వై = 2ఎక్స్ − 6. ఇక్కడ తిప్పి రాయడం అంటే మొత్తం పక్కకి పక్క మార్చడమే, ఒక్క గుర్తు కూడా మారదు.

వై రెండు పక్కలా ఉంటే, ఉదాహరణకి 5వై − 3 = 2వై + 6ఎక్స్, ముందు వై లన్నిటినీ ఒక పక్క చేర్చండి, రెండు పక్కలా 2వై తీసేసి 3 కలిపితే 3వై = 6ఎక్స్ + 3, వై = 2ఎక్స్ + 1. బ్రాకెట్ ఉంటే ముందు విప్పేయండి: వై − 5 = −2(ఎక్స్ − 3) అంటే వై − 5 = −2ఎక్స్ + 6, వై = −2ఎక్స్ + 11. బయటున్న −2 లోపల ఉన్న −3 ని గుణించేటప్పుడు +6 అయిద్ది, మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.

భిన్నాలుంటే కింద ఉన్న నంబర్ల కసాగుతో, అంటే ఎల్‌సీఎంతో, అన్నిటినీ గుణించి భిన్నాల్ని ముందే వదిలించుకోండి. ఎక్స్/2 + వై/3 = 1 ఉందనుకోండి, 6 తో గుణిస్తే 3ఎక్స్ + 2వై = 6, అక్కడ్నుంచి వై = −(3/2)ఎక్స్ + 3. కుడిపక్క ఉన్న 1 ని కూడా 6 తో గుణించడం మర్చిపోవద్దు, భిన్నం కాదు కదా అని దాన్ని వదిలేస్తుంటారు. దశాంశాలకీ ఇదే పద్ధతి, 0.5ఎక్స్ − 0.25వై = 2 ని 4 తో గుణిస్తే 2ఎక్స్ − వై = 8, వై = 2ఎక్స్ − 8.

అన్ని సమీకరణాలూ ఈ రూపంలోకి రావు, ఇది కూడా తెలిసుండాలి. ఎక్స్ = 4 అని ఇచ్చారనుకోండి, అందులో వై యే లేదు, లేని వై ని ఒంటరిగా నిలబెట్టడం కుదరదు. అది నిట్టనిలువు గీత, దానికి స్లోప్ నిర్వచించలేం, ఎందుకంటే ఎక్స్ అసలు కదలడమే లేదు, సున్నాతో భాగించాల్సి వచ్చిద్ది. వై = 5 మాత్రం వేరే సంగతి, అది అడ్డగీత, దాని స్లోప్ 0, అప్పటికే మనకి కావాల్సిన రూపంలోనే ఉంది, 0ఎక్స్ + 5 అని చూసుకోండి. స్లోప్ సున్నా అనేదీ స్లోప్ లేదు అనేదీ ఒకటి కాదు, ఒక మార్కు ప్రశ్నల్లో ఇది ఇష్టంగా అడుగుతారు.

గ్రాఫ్ గీయాలంటే పట్టిక వేసి నాలుగైదు బిందువులు కనుక్కోనక్కర్లేదు. వై = −(3/4)ఎక్స్ + 6 నే తీసుకోండి. ముందు వై అక్షం మీద 6 దగ్గర చుక్క. స్లోప్‌లో కింద ఉన్న 4 అంత కుడికి నడవండి, పైన ఉన్న 3 అంత కిందికి దిగండి, మైనస్ కాబట్టి కిందికి. చుక్క (4, 3) దగ్గర పడిద్ది. మళ్లీ నాలుగు కుడికి, మూడు కిందికి, (8, 0). మూడు చుక్కలూ స్కేలుకి తగిలినయ్ అంటే గీత రైట్. ప్లస్ స్లోప్ అయితే పైకి ఎక్కాలి.

పదో తరగతి వాళ్లకి దీంతో ఇంకో పెద్ద లాభం ఉంది. రేఖీయ సమీకరణాల జతలో నిష్పత్తుల పట్టిక ఒకటి బట్టీ పడతారు, ఇట్లా ఉంటే ఒకే సాధన, అట్లా ఉంటే అనంత సాధనలు, ఇంకోలా ఉంటే సాధన లేదు అని, పరీక్ష ముందురోజు రాత్రి మూడూ కలగలిసిపోతయ్. బట్టీ అక్కర్లేదు, రెండిటినీ ఈ రూపంలోకి మార్చండి. 2ఎక్స్ + 3వై = 6 మారిస్తే వై = −(2/3)ఎక్స్ + 2. 4ఎక్స్ + 6వై = 18 మారిస్తే వై = −(2/3)ఎక్స్ + 3. వాలు ఒకటే, మొదలయ్యే చోటు వేరు, అంటే సమాంతర రేఖలు, ఎంత దూరం పోయినా కలవవు, సాధన లేదు. రెండోది 4ఎక్స్ + 6వై = 12 అయితే అదీ వై = −(2/3)ఎక్స్ + 2 అయిద్ది, రెండూ ఒకటే గీత, అనంత సాధనలు. ఎక్స్ − వై = 1 ఇస్తే వై = ఎక్స్ − 1, వాలే వేరు, కాబట్టి ఒక్కచోట తప్పకుండా కలుస్తయ్. ఆ పట్టిక చెప్పేది కూడా ఇదే, కాకపోతే అక్కడ గీతలు కనపడవు. ఇంటర్‌లో లంబంగా ఉన్న రేఖలు అడిగితే రెండు వాలుల లబ్ధం −1 వచ్చిద్దేమో చూడండి, −3/4 కీ 4/3 కీ వచ్చిద్ది.

ఇంటర్ వాళ్లకి సాధారణ రూపం ఏఎక్స్ + బివై + సి = 0 అని ఉంటది, దాంట్లో సి కీ మన వై = ఎమ్ఎక్స్ + సి లో సి కీ సంబంధం పెట్టుకోకండి, అక్షరం ఒకటే గానీ నంబరు వేరు. 2ఎక్స్ + 3వై − 12 = 0 లో సి −12, మార్చిన తర్వాత వై = −(2/3)ఎక్స్ + 4, ఇక్కడ సి 4. ఈఏపీసెట్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు స్లోప్ −ఏ/బి, అంతరఖండం −సి/బి అని షార్ట్‌కట్ వాడతారు, బి సున్నా కానంత వరకు పనిచేసిద్ది, టైం తక్కువ కాబట్టి వాడుకోండి. కానీ ముందు పైన చెప్పిన స్టెప్పులు చేతికి బాగా అలవాటైనాకే, ఎందుకంటే 5ఎక్స్ = 2వై + 10 లాగా తిప్పి ఇస్తే ఏ ఏదో బి ఏదో తేల్చుకునే లోపే షార్ట్‌కట్ వాళ్లు పప్పులో కాలేస్తారు, స్టెప్పులు వచ్చినోళ్లు ఆన్సరు పెట్టేసి తర్వాతి ప్రశ్నకి పోయుంటారు.

ఇప్పుడు కింద ఇచ్చినవి మీరే చేయండి, ఆన్సర్లు ఒక కాగితంతో మూసి పెట్టుకోండి.

7ఎక్స్ + వై = 3
ఎక్స్ − 3వై = 9
2(వై − 1) = 5ఎక్స్ + 4
ఎక్స్/4 − వై/2 = 1
6ఎక్స్ + 2వై = 0

ఆన్సర్లు వరసగా:

వై = −7ఎక్స్ + 3
వై = (1/3)ఎక్స్ − 3
వై = (5/2)ఎక్స్ + 3
వై = (1/2)ఎక్స్ − 2
వై = −3ఎక్స్

రెండోది తప్పు పోతే −3 తో భాగించిన లైను దగ్గరికి పోయి చూడండి, మూడోది పోతే బ్రాకెట్ విప్పిన చోట, నాలుగోది పోతే కుడిపక్క 1 ని 4 తో గుణించారో లేదో చూడండి. ఐదో దాంట్లో కుడిపక్క సున్నా ఉందని ఆగిపోయిన వాళ్లు, రెండు పక్కలా 6ఎక్స్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.